ఎమ్మెల్యేల జీతాలు కోస్తే ఖజానా నిండుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

డీఏ బకాయిలు ఆగినా, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీలు గోల పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ముందు మీ జీతాలు తగ్గించుకోండి, తర్వాత మాకు నీతులు చెప్పండి." ఆ కోపంలో న్యాయం ఉంది. దాని వెనకున్న లెక్క మాత్రం చాలామంది అనుకునేలా ఉండదు. ఈ విషయంలో ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు ఇవి.

అసలు మన ఎమ్మెల్యేకి నెలకు ఎంత వస్తుంది?

తెలంగాణలో 2016లో చట్టం సవరించి, అప్పటిదాకా 95 వేలున్న నెలసరి మొత్తాన్ని ఒక్క దెబ్బకు 2.5 లక్షలు చేశారు. ముఖ్యమంత్రికి 4.21 లక్షలయింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే సమయంలో 95 వేలు కాస్తా 1.25 లక్షలయింది, పైన ఇంటి అద్దె కింద 50 వేలు. ఎమ్మెల్సీలకూ ఇంతే. ప్రయాణాలు, వైద్య ఖర్చులు, గన్‌మెన్ వంటివి ఇందులో లేవు.

ఇలాంటి బిల్లు వచ్చిన రోజు సభలో మైకులు విరగడం, పోడియం చుట్టుముట్టడం అరుదు.

జీతం 20 వేలేనని ఎమ్మెల్యేలు అంటుంటారు. అబద్ధమా?

అబద్ధం కాదు, అందుకే చిరాకు. తెలంగాణ ఎమ్మెల్యేకి వచ్చే 2.5 లక్షల్లో 'జీతం' అన్న పద్దు కింద ఉండేది 20,000. మిగతా 2,30,000 'నియోజకవర్గ భత్యం'. ఆంధ్రలో జీతం 12,000, నియోజకవర్గ భత్యం 1,13,000. అంటే పేరుకు జీతం అని పిలిచేది మొత్తంలో పదో వంతు కూడా లేదు.

ఎందుకిలా? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(17) తీసి చూడండి. శాసనసభ్యుడిగా అందుకునే నియోజకవర్గ భత్యానికి పన్ను మినహాయింపు అందులో ఉంది. పాత పన్ను విధానం ఎంచుకుంటే చాలు, తెలంగాణలో నూటికి 92 రూపాయలు, ఆంధ్రలో 90 రూపాయలు పన్ను లెక్కలోకే రావు. అదే 2.5 లక్షలు తెచ్చుకునే ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌నో, ఐటీ ఉద్యోగినో అడగండి, టీడీఎస్ పోను చేతికి ఎంతొస్తుందో చెబుతారు.

నియోజకవర్గ భత్యానికి అర్థం లేదని కాదు. పొద్దున్నే ఇంటి ముందు చేరే యాభై మందికి టీ, టిఫిన్లు ఉండాలి. ఊరూరా తిరిగే బండికి డీజిల్ పోయాలి. పీఏకి, ఫోన్లెత్తే కుర్రాడికి జీతమివ్వాలి. చావింటికి పరామర్శకు వెళితే చేతిలో ఎంతో కొంత పెట్టకుండా రాలేని పరిస్థితి. అవన్నీ నిజమైన ఖర్చులే. కాకపోతే నెలనెలా గంపగుత్తగా జమయ్యే సొమ్ము ఇది, రసీదు పెట్టి తీసుకునేది కాదు. ఎంత పని మీద పోయింది, ఎంత జేబులో మిగిలింది అన్నది ఆయనకే తెలియాలి.

జీతాల కోత గురించి మాట్లాడేవారు ముందు పట్టుకోవాల్సిన కొస ఇదే. "జీతంలో 30 శాతం కోత" అని ఎవరైనా ప్రకటిస్తే వెంటనే అడగాల్సిన ప్రశ్న: దేంట్లో 30 శాతం? 20 వేలలోనా, రెండున్నర లక్షల్లోనా? మొదటిదైతే కోత నెలకు 6 వేలు.

మరి ఎంపీలకు?

2025 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం జీతం లక్ష నుంచి 1.24 లక్షలకు పెరిగింది, అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. నియోజకవర్గ భత్యం 87 వేలు, ఆఫీసు ఖర్చులకు 75 వేలు. మొత్తం 2.86 లక్షలు. సమావేశాలు జరిగేటప్పుడు రోజుకు 2,500 భత్యం అదనం. ఢిల్లీలో ఇల్లు, ఏడాదికి 34 ఉచిత విమాన ప్రయాణాలు, ఏసీ ఫస్ట్ క్లాస్ రైలు పాసు, ఏడాదికి 50 వేల యూనిట్ల కరెంటు కూడా ఉన్నాయి. ఆ కరెంటును నెలకు పంచితే నాలుగు వేల యూనిట్లు దాటుతుంది. మామూలు ఇంట్లో రెండు వందలు దాటితేనే మీటరు వంక చూస్తాం.

అందరి జీతాలూ పూర్తిగా ఆపేస్తే ఎంత మిగులుతుంది?

లెక్క కష్టమేమీ కాదు. తెలంగాణలో ఎమ్మెల్యేలు 119, ఎమ్మెల్సీలు 40, కలిపి 159 మంది. ఒక్కొక్కరికి ఏడాదికి 30 లక్షలు. మొత్తం 47.7 కోట్లు. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు. అంటే ప్రభుత్వం లక్ష రూపాయలు ఖర్చు పెడితే అందులో వీళ్ల వాటా పదహారు రూపాయల లోపే.

ఆంధ్రలో 175 మంది ఎమ్మెల్యేలు, 58 మంది ఎమ్మెల్సీలు. అద్దెతో కలిపి ఒక్కొక్కరికి ఏడాదికి 21 లక్షల లెక్కన దాదాపు 49 కోట్లు. అదే 2025-26లో బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అక్కడా లక్షకు పదిహేను రూపాయలే. రెండు రాష్ట్రాలు విడిపోయాయి గానీ ఈ నిష్పత్తి విడిపోలేదు.

ఇంకోలా చూద్దాం. రాష్ట్రానికి నెలకు 18,500 కోట్లు వస్తుంటే అవసరం 22,500 కోట్లు ఉందని 2025లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెబుతూ వచ్చారు. లోటు 4,000 కోట్లు. ప్రజాప్రతినిధుల నెల జీతభత్యాలు మొత్తం 4 కోట్లు. మొత్తం ఆపేసినా లోటులో వెయ్యో వంతు పూడుతుంది.

ప్రయాణాలు, వైద్యం, సిబ్బంది, పెన్షన్లు కలిపితే అంకె పెరుగుతుంది, నిజమే. మూడింతలు అనుకున్నా లక్షకు యాభై రూపాయలు దాటదు. కాబట్టి "ఎమ్మెల్యేల జీతాలు ఆపితే రుణమాఫీ చేయొచ్చు" లాంటి వాట్సాప్ ఫార్వర్డులను ఇంకొకరికి పంపే ముందు ఒకసారి క్యాలిక్యులేటర్ తీయండి.

అయితే ఈ కోతల వల్ల ఉపయోగమే లేదంటారా?

ఖజానాకు పెద్దగా లేదు. కానీ ఉద్యోగికి డీఏ ఆపి, పింఛనుదారుడికి బకాయి పెట్టి, తమ జీతాలు మాత్రం పెంచుకునే సభకు "కాస్త ఓపిక పట్టండి" అనే హక్కు ఉండదు. 2024 ఆగస్టులో హిమాచల్ ప్రదేశ్ ముఖ్యమంత్రి సుఖు, రాష్ట్ర ఆర్థిక పరిస్థితి బాగాలేదని తానూ మంత్రులూ రెండు నెలలు జీతభత్యాలు తీసుకోవడం వాయిదా వేసుకుంటున్నామని ప్రకటించారు. 2025 మార్చిలో అదే అసెంబ్లీ శాసనసభ్యుల జీతాలు పెంచుతూ బిల్లులు ఆమోదించింది. ఏడు నెలలు. మొదటిది సంపాదించిపెట్టిన మంచి పేరు రెండోదానితో కొట్టుకుపోయింది.

2020లో కరోనా సమయంలో ఎంపీల జీతాలు కోశారు కదా? ఎంత మిగిలింది?

2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి ఎంపీల జీతాన్ని ఏడాది పాటు 30 శాతం తగ్గించారు. లక్ష కాస్తా 70 వేలయింది. నియోజకవర్గ భత్యాన్ని 70 వేల నుంచి 49 వేలకు, ఆఫీసు ఖర్చును 60 వేల నుంచి 54 వేలకు దించారు. ఒక్కో ఎంపీకి నెలకు 57 వేల కోత. రెండు సభల్లో దాదాపు 790 మందికి ఏడాదికి లెక్కేస్తే 54 కోట్లు. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ 30.42 లక్షల కోట్లు. లక్షకు రూపాయి ముప్పావు.

అదే సమయంలో ఎంపీ లాడ్స్‌ను, అంటే ఒక్కో ఎంపీ తన నియోజకవర్గంలో పనులకు సిఫారసు చేసే ఏడాదికి 5 కోట్ల నిధిని, రెండేళ్లు నిలిపేశారు. దాని విలువ 7,900 కోట్లని చెప్పారు. పత్రికల్లో రెండూ ఒకే వార్తలో, "ఎంపీల త్యాగం" అన్న ధోరణిలో వచ్చాయి. కానీ ఆ 7,900 కోట్లు ఎంపీల సొంత డబ్బు కాదు. ఊళ్లో కమ్యూనిటీ హాలు, బడికి గదులు, బోరు, సీసీ రోడ్డు. త్యాగం చేసింది ఆ రోడ్డు మీద నడవాల్సినవాళ్లు. 2021 నవంబరులో పథకాన్ని గడువుకు ముందే తిరిగి మొదలుపెట్టారు.

మన రాష్ట్రాల్లో అప్పుడు ఎమ్మెల్యేలకు 75 శాతం, వంద శాతం కోత పెట్టారని విన్నాం.

పెట్టారు. 2020 మార్చి నెలాఖరున తెలంగాణలో ముఖ్యమంత్రి నుంచి స్థానిక సంస్థల ప్రతినిధుల దాకా 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం ఆపారు. ఆంధ్రలో ప్రజాప్రతినిధులకు నూటికి నూరు, మిగతావారికి ఇంచుమించు ఇదే వరస. పెన్షన్లలోనూ సగం ఆపారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆంధ్ర జీవోలో వాడిన మాట వాయిదా. అంటే ఇవ్వబోమని కాదు, ఇప్పుడు ఇవ్వలేమని. పింఛనుదారుల తరఫున వేసిన వ్యాజ్యంలో హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ జీతం, పెన్షన్ ఉద్యోగి హక్కు అన్న మాట గట్టిగా చెప్పింది. చివరికి రాష్ట్రానికి మిగిలింది పొదుపు కాదు, వడ్డీ.

తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో, విపత్తు సమయంలో చెల్లింపులను సగం దాకా వాయిదా వేసే అధికారం కోసం ప్రత్యేకంగా ఆర్డినెన్సే తెచ్చుకోవాల్సి వచ్చింది.

ముఖ్యమంత్రి తలచుకుంటే జీవోతో ఎమ్మెల్యేల జీతం శాశ్వతంగా తగ్గించలేరా?

లేరు. రాజ్యాంగం 195వ అధికరణ ప్రకారం శాసనసభ్యుల జీతభత్యాలు శాసనసభ చేసే చట్టంతోనే తేలాలి. ఎంపీలకైతే 106వ అధికరణ, దాని కింద 1954 చట్టం. ఎమ్మెల్యేల జీతం తగ్గించాలన్నా, పెంచాలన్నా బిల్లు పెట్టి ఓటు వేయాల్సింది ఆ జీతం తీసుకునేవాళ్లే.

రూపాయి జీతం తీసుకునే ముఖ్యమంత్రుల సంగతేంటి?

తెలుగు రాజకీయాల్లో దీనికి చరిత్ర ఉంది. ఎన్టీఆర్ రూపాయి జీతం తీసుకున్నారు. 2019లో జగన్ అదే మాట చెప్పారు. 2024 జులైలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తన శాఖలో నిధులు లేవంటూ జీతం వద్దన్నారు. అంతకంటే చాలా ముందు, 1931 కరాచీ కాంగ్రెస్ ప్రభుత్వోద్యోగుల జీతం మామూలుగా నెలకు 500 దాటకూడదని తీర్మానించింది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు కాంగ్రెస్ మంత్రులు ఆ మాట ప్రకారమే 500 తీసుకున్నారు. మన ప్రకాశం పంతులు, వి.వి.గిరి ఆ మంత్రివర్గంలో ఉన్నవాళ్లే.

రెంటికీ తేడా ఉంది. 1937లో పార్టీ మొత్తానికి ఒకే నియమం, ఒకే అంకె. ఇప్పటి రూపాయి జీతం ఒక వ్యక్తి ఇష్టం. పైగా ముఖ్యమంత్రి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చులో జీతం చాలా చిన్న పద్దు. కాన్వాయ్, క్యాంపు ఆఫీసు, హెలికాప్టర్, భద్రత లెక్కలు చెప్పకుండా రూపాయి గురించి మాత్రమే చెబితే అది ప్రకటనే అవుతుంది.

ఒక్కసారి గెలిస్తే జీవితాంతం పెన్షనా?

అవును. మాజీ ఎంపీకి ఇప్పుడు నెలకు 31 వేలు. ఐదేళ్లు దాటాక ప్రతి అదనపు ఏడాదికి మరో 2,500. రెండు టర్ములు చేసినవారికి 43,500 అవుతుంది. ఎమ్మెల్యేగా, ఎంపీగా రెండూ చేసి దిగిపోయినవారు రెండు పెన్షన్లూ తీసుకోవచ్చు. ఎంపీల పెన్షన్ చెల్లదంటూ వేసిన కేసును 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

2004 తర్వాత చేరిన ప్రభుత్వోద్యోగి సీపీఎస్ కింద తన పెన్షన్‌కు తానే నెలనెలా కట్టుకుంటున్నాడు. ఆ ఉద్యోగి ముందు నిలబడి ఈ ఏర్పాటును సమర్థించడం ఎవరికైనా కష్టం. దీన్ని సరిదిద్దిన రాష్ట్రం ఉంది. పంజాబ్‌లో ప్రతి టర్ముకూ పెన్షన్ పెరుగుతూ పోయేది. 2022లో చట్టం సవరించి, ఎన్నిసార్లు గెలిచినా ఒక్కటే పెన్షన్, 60 వేలు ప్లస్ డీఏ అన్నారు. ఏటా 19 కోట్ల పైచిలుకు మిగులుతుందని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఒక ఏడాది ముచ్చట కాదు, ఏటా మిగిలే సొమ్ము. నా దృష్టిలో నూటికి ముప్పై శాతం జీతం కోత కంటే ఇలాంటి సవరణే మేలు.

శాసనమండలిని రద్దు చేస్తే పొదుపు కాదా?

2020 జనవరిలో ఆంధ్ర అసెంబ్లీ అదే తీర్మానం చేసింది. మండలికి ఏటా 60 కోట్లు ఖర్చవుతోందన్నది అప్పటి ముఖ్యమంత్రి చెప్పిన కారణాల్లో ఒకటి. మూడు రాజధానుల బిల్లు మండలిలో ఆగిన వారంలోపే ఈ పొదుపు గుర్తుకు రావడం ఎవరూ గమనించకపోలేదు. 2021 నవంబరులో, అప్పటికి మండలిలో బలం మారిపోయాక, తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు 1985లో ఎన్టీఆర్ హయాంలో రద్దయి, 2007లో వై.ఎస్. హయాంలో తిరిగొచ్చిన సభ ఇది. మండలి ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఖర్చు మాట మాత్రం అవసరం ఉన్నప్పుడే బయటికొస్తుంది.

సభ్యులను పెంచే ముచ్చట కూడా పక్కనే ఉంది. విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రకు 225, తెలంగాణకు 153 స్థానాలు అంటోంది. దుబారా గురించి మాట్లాడే పార్టీలే ఈ సీట్లు ఎప్పుడిస్తారని ఢిల్లీని అడుగుతుంటాయి.

మంత్రుల సంఖ్య తగ్గించడం?

ఇది నిజంగా పనిచేసిన కోత. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ మంత్రివర్గం తొంభై దాటింది. 2003లో 91వ రాజ్యాంగ సవరణ వచ్చి, మంత్రులు సభ్యుల్లో 15 శాతం మించకూడదంది. అందుకే తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18, ఆంధ్రలో 26 దాటలేరు.

అయితే ముందు తలుపు మూస్తే పక్క తలుపు తెరిచారు. తెలంగాణలో 2014లో ఆరుగురు ఎమ్మెల్యేలను మంత్రులకు సాయంగా ఉండే పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమిస్తే హైకోర్టు ఆపింది. ఆ దారి మూసుకుపోయాక సలహాదారులు, కార్పొరేషన్ చైర్మన్లు, క్యాబినెట్ హోదాలు. ఏ పార్టీ వచ్చినా ఈ వరస మారలేదు. హోదా అంటే ఉత్త గౌరవం కాదు. దాంతోపాటు కారు, డ్రైవరు, ఆఫీసు, సిబ్బంది, గన్‌మెన్ వస్తారు. ఎమ్మెల్యే జీతం కనీసం చట్టంలో కనిపిస్తుంది. ఈ ఖర్చు ఒక్కో జీవోలో, ఒక్కో శాఖలో, ఒక్కో కార్పొరేషన్ పద్దులో ముక్కలు ముక్కలుగా దాక్కుంటుంది. పొదుపు చేయాలన్న మనసు నిజంగా ఉంటే మొదలెట్టాల్సింది ఇక్కడ.

పార్లమెంటు క్యాంటీన్‌లో ఇంకా చవగ్గా భోజనం పెడుతున్నారా?

లేదు. ఆ సబ్సిడీని 2021 జనవరిలోనే ఎత్తేశారు. పాత ధరల పట్టిక ఫొటో మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

జీతం తగ్గిస్తే సేవ చేయాలనుకునేవాళ్లే వస్తారు కదా?

వచ్చేది డబ్బున్నవాళ్లు. 2024 లోక్‌సభలో గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులని, ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ అనే సంస్థ వాళ్ల అఫిడవిట్లు చూసి తేల్చింది. అందరికంటే పైనున్న ఇద్దరూ మన తెలుగువాళ్లే: 5,700 కోట్ల ఆస్తులు చూపిన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్, 4,500 కోట్లు దాటిన చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి. వీళ్లకు 1.24 లక్షలు వచ్చినా రాకపోయినా తేడా తెలియదు. తెలిసేది ఎవరికంటే, ఉద్యోగం మానేసి నిలబడ్డ టీచరుకు, పూర్తికాలం పార్టీ కార్యకర్తకు, పొలం కౌలుకిచ్చి వచ్చిన సర్పంచుకు.

ఇంకో లెక్క చూడండి. లోక్‌సభ అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి మన రాష్ట్రాల్లో 95 లక్షలు. ఎంపీ ఐదేళ్ల జీతం మొత్తం 74.4 లక్షలు. పరిమితి మేరకు ఖర్చు పెట్టినా జీతంతో తిరిగి రాదు. అసలు ఖర్చు ఎంతో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆ పెట్టుబడి ఎక్కడినుంచి రాబడుతున్నారన్నది జీతం కంటే చాలా పెద్ద ప్రశ్న.

మరి జీతం ఎవరు నిర్ణయించాలి?

తీసుకునేవాళ్లు మాత్రం కాదు. బ్రిటన్‌లో ఎంపీల ఖర్చుల కుంభకోణం బయటపడ్డాక 2009లో ఇప్సా అనే స్వతంత్ర సంస్థను పెట్టారు. జీతం అదే నిర్ణయిస్తుంది, ఎవరు ఏ బిల్లు పెట్టారో అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. దాంతో జీతాలు తగ్గుతాయని ఆశపడొద్దు. 2015లో వద్దు వద్దని చాలామంది నేతలే అన్నా ఇప్సా ఎంపీల జీతాన్ని 67 వేల పౌండ్ల నుంచి 74 వేలకు పెంచింది. మేలేమిటంటే, ఎందుకు పెరిగిందో చదువుకోవడానికి కాగితం ఉంటుంది.

మన దగ్గర 2018లో ఎంపీల జీతాన్ని ద్రవ్యోల్బణ సూచీకి ముడిపెట్టి ఐదేళ్లకోసారి దానంతటదే పెరిగేలా చేశారు. ఓటింగ్ తతంగం పోయింది, మంచిదే. మొదటి అంకె మాత్రం వాళ్లు వేసుకున్నదే. రాష్ట్రాల్లో అదీ లేదు. 2025 మార్చిలో కర్ణాటక అసెంబ్లీ ఎమ్మెల్యేల జీతాన్ని 40 వేల నుంచి 80 వేలు చేసుకుంది, ఒక్క బిల్లుతో.

నేను లెక్కలు చూడాలంటే ఎక్కడ వెతకాలి?

రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లో మొదటి 'డిమాండ్' (శాఖలవారీగా నిధులు అడిగే పద్దు) శాసనసభదే. పద్దు సంఖ్య 2011 కింద శాసనసభ, మండలి ఖర్చులు, 2013 కింద మంత్రిమండలి, 2071లో 'శాసనసభ్యుల పెన్షన్లు' అన్న ఉపపద్దు కనిపిస్తాయి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో పీడీఎఫ్‌లు దొరుకుతాయి.

అక్కడ దొరకనిదానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎమ్మెల్యేల మీద ఎంత ఖర్చవుతోంది" అని మొత్తంగా అడిగితే దాటవేసే జవాబొస్తుంది. విడివిడిగా అడగండి: ఫలానా ఆర్థిక సంవత్సరంలో క్యాబినెట్ హోదా ఉన్న సలహాదారులు ఎంతమంది, నియామక జీవో నంబర్లేమిటి, ఒక్కొక్కరికి కేటాయించిన వాహనాలు, సిబ్బంది ఎంత, ఏ పద్దు నుంచి చెల్లించారు. ఒకటికంటే ఎక్కువ పెన్షన్లు తీసుకుంటున్న మాజీ సభ్యుల సంఖ్యను ఇంకో దరఖాస్తులో, శాసనసభ సచివాలయానికి పంపండి. రెండూ ఒకే కాగితంలో పెడితే ఒక శాఖ ఇంకో శాఖకు బదిలీ చేసిందన్న ఉత్తరంతోనే నెల గడిచిపోతుంది.